కువైట్ డెక్కు, 23 క్యాసెట్లు: కడప ఇంట్లో వీసీఆర్ పని డైరీ

ఉన్న సరుకు

మేనమామ 1989లో కువైట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన వీసీఆర్, అంటే వీడియో క్యాసెట్లు ఆడించే డెక్కు, ఒకటి. వీహెచ్‌ఎస్ క్యాసెట్లు 23. పెళ్లిళ్లు, పుట్టెంటికలు, ఒక గృహప్రవేశం, దూరదర్శన్ నుంచి రికార్డు చేసుకున్నవి కొన్ని, చీటీ ఊడిపోయి ఏముందో తెలియనివి కొన్ని. కడప, రాయచోటి, రాజంపేట వైపు గల్ఫ్‌కు పోయొచ్చిన ఇళ్లలో ఇలాంటి డెక్కులు అటకల మీద ఇంకా ఉన్నాయి. వాటిని దించి, దుమ్ము తుడిచి, నేరుగా పెళ్లి క్యాసెట్టే పెట్టి ప్లే నొక్కుతున్నారు. డెక్కు ఆ టేపును నమిలేస్తోంది. ఆ నష్టం తప్పించడానికే ఈ డైరీ.

పని వరస ముందే చెప్పేస్తాను. మొదట క్యాసెట్లను వేడి నుంచి తప్పించాలి. తర్వాత డెక్కు బాగుచేయాలి. ఆ తర్వాత పోయినా ఫర్వాలేని క్యాసెట్టుతో దాన్ని పరీక్షించాలి. కంప్యూటర్‌లోకి ఎక్కించే ఏర్పాటు కూడా సిద్ధమయ్యాకే అసలు క్యాసెట్టు లోపలికి పోవాలి. పాత టేపు ఒక్కసారే ఆడుతుందని అనుకొని పని చేయాలి. చాలా వాటి విషయంలో అది నిజం కూడా.

క్యాసెట్లను కిటికీ లాంటి ఆ ప్లాస్టిక్ భాగంలోంచి టార్చి వేసి చూసి కుప్పలు పెట్టాను.

1. చూడడానికి శుభ్రంగా ఉన్నవి: 9
2. దుమ్ము పట్టినవి, మూత విరిగినవి, రీలు బిగుసుకున్నవి: 7
3. టేపు అంచుల మీద తెల్ల బూజు కనిపిస్తున్నవి: 5
4. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు బుగ్గవంక పొంగినప్పుడు నీళ్లలో మునిగినవి: 2

మొదటి దశ: గోడ అర ఖాళీ చేయడం

మా ఇంట్లో క్యాసెట్లు ఉండింది పడమటి గోడలో, కడప బండలు పరిచి కట్టిన అరలో. చాలా ఇళ్లలో ఇలాగే ఉంటుంది. చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొని అరలో పెట్టాను. అది వేడి, తేమ రెండూ చూపిస్తుంది.

మే నెలలో సాయంత్రం 6 గంటలకు అరలో 44 డిగ్రీలు, నడిమింట్లో 37. రాత్రి 10 గంటలకు నడిమింట్లో 35కు దిగింది కానీ అర ఇంకా 41 దగ్గరే ఉంది. పగలంతా పడమటి ఎండ తాగిన గోడ, బండ రాత్రంతా ఆ వేడిని వదులుతూనే ఉంటాయి. అక్టోబరు వానల్లో అదే అరలో తేమ 76 శాతం చూపించింది.

ఈ రెండూ టేపుకు పడవు. ఎందుకో అర్థం కావాలంటే టేపు దేనితో చేశారో తెలియాలి. కింద పాలియెస్టర్ ఫిల్ము. దాని మీద ఐరన్ ఆక్సైడ్ పొడి. ఆ పొడిని ఫిల్ముకు అంటించి ఉంచే బైండర్ ఒక రకం పాలియురెథేన్. వేడికి ఫిల్ము సాగి, చుట్టలో పొరలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, అంచులు అలలు తిరుగుతాయి. తేమకు బైండర్ మెల్లగా విరిగి జిగట పడుతుంది, బూజుకు మేత అవుతుంది. ఆర్కైవులు 18 నుంచి 20 డిగ్రీలు, 30 నుంచి 40 శాతం తేమ ఉండాలంటాయి. ఏసీ లేని కడప ఇంట్లో వేసవిలో అది సాగదు. మన చేతిలో ఉన్నది తేమను అదుపులో పెట్టడం, వేడి ఎక్కడం దిగడం తగ్గించడం.

చేసింది ఇది:

1. క్యాసెట్లను నడిమింట్లో, ఎండ తగిలే గోడ ఏదీ ఆనుకోని బీరువా కింది అరకు మార్చాను.
2. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాల్లో పుస్తకాల్లాగా నిలువుగా పెట్టాను. పడుకోబెడితే చుట్ట బరువు ఒక అంచు మీద పడుతుంది.
3. డబ్బాకు పావుకిలో సిలికా జెల్, గుడ్డ సంచిలో కట్టి. డబ్బాలో తేమ 68 నుంచి 44కు దిగాక ఆగింది.
4. బూజు పట్టినవాటికి వేరే డబ్బా.

బూజు డబ్బా చూసి పెద్దమ్మ, "అంత యాతన ఎందుకు నాయనా, మిద్దె మీద ఎండలో పెడితే పోతాది గదా" అంది. ఒరుగులకు, మిరపకాయలకు మన ఎండ వరం. నల్ల ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న టేపుకు మాత్రం అది చావు. డబ్బా వంకర పోతుంది, చుట్ట వదులై మళ్లీ బిగుస్తుంది. ఆమెకు ఇది చెప్పి ఒప్పించడానికి ఖాళీ క్యాసెట్టు డబ్బాలో మీటరు పెట్టి మిద్దె మీద ఉంచాను. మధ్యాహ్నానికి 58 డిగ్రీలు చూపింది. ఆ తర్వాత ఆమే ఇంటికొచ్చినోళ్లకు చెప్తోంది, క్యాసెట్లు ఎండలో పెట్టగూడదని.

ఖర్చు: మీటరు 350, సిలికా జెల్ 280, డబ్బాలు 500. మొత్తం రూ. 1,130.

రెండో దశ: కరెంటు ఇచ్చే ముందు

కువైట్‌లో కరెంటు 240 వోల్టులు, 50 సైకిళ్లు. అక్కడి టీవీ పద్ధతి కూడా మనలాగే పాల్. అందుకే అక్కడి డెక్కు ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఆడుతుంది. చదరపు పిన్నుల ప్లగ్గు ఒక్కటే తేడా. అయినా ఏళ్లుగా కరెంటు తగలని పెట్టెను నేరుగా సాకెట్లో పెట్టకూడదు.

మూత విప్పితే దుమ్ము, పవర్ సప్లై పక్కన బల్లి గుడ్ల పెంకులు, ఎలుక కొరికిన రేకు అంచు. బ్రష్షుతో దులిపి, బ్లోయరుతో దూరం నుంచి ఊదాను. టేపును చదివే హెడ్లు బిగించి ఉన్న, గుండ్రంగా తిరిగే డ్రమ్ము మీదకు గాలి కొట్టకుండా దానికి కాగితం కప్పాను. దుమ్ములో ఉండే ఇసుక రేణువు హెడ్డు మొనకు తగిలితే అది పగులుతుంది.

జాగ్రత్త మాట: ఈ పెట్టెల్లో ఉన్నది స్విచింగ్ పవర్ సప్లై. దాని పెద్ద కెపాసిటర్ మీద 300 వోల్టులకు పైన డీసీ నిలుస్తుంది, ప్లగ్గు తీసేశాక కూడా కొంతసేపు. 10 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న తీగలతో పట్టి కొన్ని సెకన్లు ఆనించి, మీటరుతో సున్నా చూసి, ఆ తర్వాతే చేయి పెట్టాలి. ఈ పని అలవాటు లేనివాళ్లు పవర్ సప్లై వరకు మెకానిక్‌కు ఇవ్వడమే మేలు. డబ్బు కంటే ప్రాణం ముఖ్యం.

మొదటి కరెంటు సిరీస్ బోర్డు మీద, అంటే 60 వాట్ల బల్బు గుండా పోయి డెక్కుకు చేరేలా ఇచ్చాను. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి నిలుస్తుంది. బల్బు ఒక క్షణం వెలిగి మసకబారింది. షార్టు లేదు. కానీ గడియారం అంకెలు వెలిగి ఆరుతున్నాయి. 5 వోల్టుల లైను మీద 4.4 మాత్రమే ఉంది. మీటరును ఏసీ వైపు తిప్పి అదే చోట పెడితే 0.35 చూపించింది. డీసీ లైను మీద ఏసీ అంత కనిపించిందంటే కెపాసిటర్లు ఎండిపోయాయని అర్థం.

పవర్ సప్లైలో సెకండరీ వైపు, అంటే తక్కువ వోల్టులు బయటికి వచ్చే వైపు, ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు అన్నీ మార్చాను. విలువ అదే, వోల్టేజీ ఒక మెట్టు పైది, 105 డిగ్రీల రకం. 85 డిగ్రీల రకం రెండు రూపాయలు తక్కువకు వస్తుంది కానీ మన వేసవిలో మూత లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి. మార్చాక 5.05 వోల్టులు, ఏసీ 0.01.

ఖర్చు: కెపాసిటర్లు 140, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అర లీటరు 320. మొత్తం రూ. 1,590.

మూడో దశ: బెల్టు, ఐడ్లర్, పించ్ రోలర్

డైరీలో ఎక్కువ పేజీలు తిన్నది ఈ దశే. వీసీఆర్‌లో రబ్బరు ఎక్కడ ఉంటే అక్కడ జబ్బు ఉంటుంది.

టేపును క్యాసెట్టులోంచి లాగి డ్రమ్ముకు చుట్టే పనికి వాడే లోడింగ్ బెల్టు వేడికి కరిగి, పుల్లీ మీద తారులాగా అంటుకుపోయింది. వేలికి తగిలిన చోటల్లా నల్ల మరక. దాన్ని ఐసోప్రొపైల్‌తో పూర్తిగా తుడవాలి. ఆ జిగట అణువంత, టేపును లాగే కడ్డీ అయిన క్యాప్‌స్టన్ మీదకు పోయినా టేపు దానికి చుట్టుకుంటుంది. చేతి తొడుగులు మారుస్తూ తుడిచాను.

ఏడు రోడ్ల దగ్గర పాతకాలం టీవీ మెకానిక్ చిచ్చా ఒకాయన ఇప్పటికీ అంగడి తీస్తున్నాడు. ఆయన దగ్గర టేప్‌రికార్డర్ బెల్టుల కట్ట ఉంది. అందులో మందం సరిపోయింది వేసి చూశాం. ఖాళీ డెక్కు చక్కగా లోడయింది. పరీక్ష క్యాసెట్టు పెడితే గైడు స్తంభాలు టేపును లాక్కొని సగం దూరం వచ్చి ఆగిపోయాయి. బెల్టు జారుతోంది. టేపు బయట, డ్రమ్ముకు సగం చుట్టుకొని ఉంది. ఎజెక్టు నొక్కినా కదలదు.

ఇలా ఇరుక్కుంటే బయటపడే దారి:

1. కరెంటు తీసేయాలి.
2. లోడింగ్ మోటరు చివర ఉన్న మర చక్రాన్ని వేలితో వెనక్కి తిప్పాలి. ఓపిక కావాలి, చాలా చుట్లు పడుతుంది.
3. గైడు స్తంభాలు వెనక్కి పోతున్న కొద్దీ వదులైన టేపును ఎడమ రీలును చేత్తో తిప్పి లోపలికి చుట్టుకోవాలి.
4. టేపు పూర్తిగా క్యాసెట్టులోకి పోయిందని కళ్లతో చూశాకే బుట్ట పైకి లేపాలి. టేపు కొంచెం బయట ఉన్నా మూత దాన్ని మడిచేస్తుంది.

ఈ వరస ముందే తెలిసి ఉంటే కత్తెర పట్టాల్సిన పని రాదు.

బెల్టు కొలత ఎలా తీసుకోవాలంటే, పాత బెల్టు మిగిలి ఉంటే దాన్ని సాగదీయకుండా రెండు పొరలుగా పరిచి పొడవు కొలవాలి. కొత్తది దానికి ఐదు శాతం దాకా చిన్నదిగా ఉండాలి. మా దాంట్లో పాతది కరిగిపోయింది కాబట్టి పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలిచాను. దారం 128 మి.మీ. వచ్చింది. 120 మి.మీ. చుట్టుకొలత చదరపు బెల్టు బాగా పట్టింది. 115ది మోటరును లాగి మూలిగించింది.

బెల్టు సరిపోయాక కూడా డెక్కు తిక్కగా ప్రవర్తించింది. ప్లే నొక్కితే రివైండు, రివైండు నొక్కితే ఎజెక్టు. ఇది మోడ్ స్విచ్ లక్షణం. మెకానిజం ఏ స్థితిలో ఉందో డెక్కు లోపలి చిప్పుకు చెప్పేది అదే. లోపలి రాగి పట్టీలు నల్లబడితే అబద్ధం చెప్తుంది. తీసే ముందు గేర్ల మీద ఉన్న గుర్తులను ఫోటో తీసుకోవాలి. ఒక్క పన్ను తప్పినా మొత్తం వరస తప్పుతుంది. కాంటాక్ట్ క్లీనరుతో కడిగి, అదే గుర్తుకు పెట్టాక సరిగ్గా వినింది.

తర్వాత ఐడ్లర్. ఎడమ కుడి రీళ్ల మధ్య ఊగుతూ ఏది తిరగాలో దాన్ని తిప్పే రబ్బరు చక్రం ఇది. రబ్బరు మీద గరుకు కాగితం రుద్దితే పట్టు వస్తుందని అందరూ చెప్తారు. వచ్చింది. క్యాసెట్టు మొదట్లో అరగంట ఆడింది. చివర్లో కుడి రీలు ఆగిపోయి, టేపు లోపల కుప్ప పడింది. కారణం ఇదీ: క్యాసెట్టు చివరకు వచ్చేసరికి కుడి చుట్ట బరువెక్కి లావవుతుంది, దాన్ని తిప్పడానికి బలం ఎక్కువ కావాలి. మొదట్లో ఆడింది కదా అని డెక్కు బాగుందనుకుంటే పెళ్లి క్యాసెట్టులో అప్పగింతల దగ్గర టేపు పోతుంది. పరీక్ష ఎప్పుడూ క్యాసెట్టు చివరి పావుగంట మీద చేయండి.

కొత్త రబ్బరు భాగాలు వెతికాను. వీహెచ్‌ఎస్‌ను జేవీసీ 1976లో తెచ్చింది. ఆఖరుగా వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. కాబట్టి దారి ఒక్కటే, ఇంకో పాత డెక్కు. చిచ్చా అంగడి వెనక గుట్టలో మా దానికి దగ్గరి మోడలు దొరికింది. దాని డ్రమ్ము అరిగిపోయింది కానీ ఐడ్లర్, పించ్ రోలర్ మెత్తగా ఉన్నాయి.

టేపును క్యాప్‌స్టన్‌కు నొక్కి పట్టే రబ్బరు చక్రం పించ్ రోలర్. దాన్ని మార్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. పరీక్ష క్యాసెట్టు టేపు కింది అంచు సన్నగా మడత పడి వస్తోంది. పాత రోలర్ మీద గోరు గుచ్చితే దిగలేదు, అంత గట్టిపడింది. మధ్యలో నున్నగా మెరుస్తూ, ఒక పక్కకు అరిగి ఉంది. అలాంటి రోలర్ టేపును సమంగా లాగదు, పైకో కిందికో తోస్తుంది. కింది అంచు మడత పడితే నష్టం పెద్దది, ఎందుకంటే అక్కడే కంట్రోల్ ట్రాకు ఉంటుంది. పై అంచున మామూలు ఆడియో, కింది అంచున కంట్రోల్ పల్సులు, మధ్యలో బొమ్మ. పల్సులు చెడితే టేపు ఎంత వేగంతో నడవాలో డెక్కుకు తెలియదు, బొమ్మ అంతా బాగున్నా తెర మీద నిలబడదు.

దాత డెక్కు రోలర్ వేశాక మడత ఆగింది. సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డతో దాన్ని తుడిచాను. ఐసోప్రొపైల్ మాటిమాటికీ పెడితే రబ్బరు ఎండిపోతుంది.

ఖర్చు: బెల్టులు 250, దాత డెక్కు 700, కాంటాక్ట్ క్లీనరు 280. మొత్తం రూ. 2,820.

నాలుగో దశ: టేపు నడిచే దారి, హెడ్లు

డ్రమ్ము వ్యాసం 62 మి.మీ. పాల్ డెక్కులో నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 25 చుట్లు. ఒక్కో చుట్టులో రెండు హెడ్లు రెండు ఏటవాలు గీతలు చదువుతాయి, ఒక బొమ్మ పూర్తవుతుంది. టేపు మాత్రం సెకనుకు 23.39 మి.మీ. మాత్రమే కదులుతుంది. ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు. మన తలవెంట్రుక కంటే సన్నం. ఈ లెక్కలు తెలిస్తే ఆ మొన మీద ధూళి కణం ఎంత పెద్ద బండో తెలుస్తుంది.

"బేటా, హెడ్డుకు దూది మాత్రం చూపించొద్దు" అన్నాడు చిచ్చా. దూది పోగు హెడ్డు మొనకు చిక్కుకొని, లాగితే మొనను తీసుకొనే వస్తుంది. నేను వాడింది పోగులు రాలని పాలియెస్టర్ గుడ్డ.

1. గుడ్డను మడిచి ఐసోప్రొపైల్‌తో తడపాలి. కారకూడదు.
2. గుడ్డను డ్రమ్ముకు మెత్తగా ఆనించి కదలకుండా పట్టాలి.
3. ఇంకో చేత్తో డ్రమ్ము పైభాగాన్ని పట్టి మెల్లగా తిప్పాలి. గుడ్డ కదలకూడదు, డ్రమ్మే కదలాలి. గుడ్డను పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది.
4. గుడ్డ తెల్లగా వచ్చేదాకా చోటు మారుస్తూ మళ్లీ.
5. అరగంట ఆరనివ్వాలి. తడి డ్రమ్ముకు టేపు అతుక్కుంటుంది.

ఆడియో హెడ్డు, ఎరేజ్ హెడ్డు, గైడు స్తంభాలు, క్యాప్‌స్టన్ కడ్డీ, వీటికి దూది పుల్ల ఫర్వాలేదు. క్యాప్‌స్టన్ మీద గోధుమరంగు పొర వచ్చింది, పాత టేపుల ఆక్సైడ్ అది. అంగట్లో దొరికే పొడి రకం హెడ్ క్లీనింగ్ క్యాసెట్టు వాడకండి. అది గరుకు కాగితం జాతి.

గైడు స్తంభాల మరలు తిప్పలేదు. బొమ్మ పైభాగంలో చారలు నిలబడితే టేపు లోపలికి వచ్చే వైపు గైడు, కింది భాగంలో అయితే బయటికి పోయే వైపు గైడు అని లెక్క. కానీ అది సంకేతం ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోపుతో చూస్తూ చేసే పని. శుభ్రం చేశాక మా డెక్కులో చారలు ట్రాకింగ్ బటన్‌కే పోయాయి.

మూత తీసి నడిపేటప్పుడు ఒక వింత: క్యాసెట్టు పెట్టగానే ఆగిపోవడం, తనంతట తానే రివైండ్ అవడం. టేపు రెండు కొసల్లో పారదర్శకమైన ముక్క ఉంటుంది. మధ్యలో ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపం వెలుగు దాంట్లోంచి పక్క సెన్సర్లకు చేరితే టేపు అయిపోయిందని డెక్కు అనుకుంటుంది. మూత లేనప్పుడు ట్యూబులైటు, కిటికీ వెలుగు ఆ సెన్సర్ల మీద పడుతోంది. నల్ల చార్టు కాగితం కప్పితే సరిపోయింది.

పరీక్ష క్యాసెట్టు మొదలు నుంచి చివరి దాకా ఆడింది. తీసి చూస్తే అంచులు చదునుగా ఉన్నాయి.

ఖర్చు: గుడ్డ 150, ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజు 120. మొత్తం రూ. 3,090.

ఐదో దశ: కంప్యూటర్‌లోకి

చౌక యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం, డెక్కు పసుపు, తెలుపు సాకెట్ల నుంచి తీగలు. గంట ఎక్కిస్తే పెదవి ముందు, మాట వెనక. చివర్లో తేడా మూడు సెకన్లు. సాఫ్ట్‌వేర్ లెక్క చూస్తే ఫ్రేములు (ఒక్కో బొమ్మ) చాలా జారిపోతున్నాయి. ఒక్కో బొమ్మ, ఒక్కో గీత ఎప్పుడు మొదలవుతుందో చెప్పే సింక్ సంకేతం పాత టేపు నుంచి నిలకడగా రాదు. టీవీ దాన్ని సర్దుకుపోతుంది, ఈ చిన్న చిప్పు సర్దుకోలేదు.

అసలు మందు ఆ సింక్‌ను సరిచేసే పరికరం, టైమ్ బేస్ కరెక్టర్. అది దొరకలేదు, దొరికినా ధర అందదు. దాని బదులు పాత డీవీడీ రికార్డర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. డెక్కు నుంచి దాని ఇన్‌పుట్‌కు, దాని అవుట్‌పుట్ నుంచి యూఎస్‌బీకి. రికార్డ్ చేయడానికి కాదు, సంకేతం దాంట్లోంచి నడిచి రావడానికి. కొన్ని మోడళ్లు ఆ దారిలో సింక్‌ను కొత్తగా కట్టి పంపుతాయి. మా దానికి దొరికింది అలాంటిదే. జారే ఫ్రేములు గంటకు మూడు లోపుకు వచ్చాయి, మాట పెదవి కలిశాయి.

ఎక్కించే కొలత 720 బై 576, ఇంటర్‌లేసు (సరి గీతలు, బేసి గీతలు విడివిడిగా వచ్చే తీరు) అలాగే ఉంచి, నష్టం లేని హఫ్‌వైయూవీ పద్ధతిలో. గంటకు 30 జీబీకి పైనే అవుతుంది. చూసి సరిచూసుకున్నాక భద్రపరిచే ప్రతిని సెకనుకు 15 మెగాబిట్ల హెచ్.264గా చేశాను, గంటకు 6.75 జీబీ. బాగా ముఖ్యమైన ఐదింటికి మాత్రం పెద్ద ఫైళ్లే ఉంచాను. అన్నీ రెండు హార్డ్‌డిస్కుల్లో, ఒకటి మా ఇంట్లో, ఒకటి చెల్లెలి ఇంట్లో. బొమ్మ అట్టడుగున వణికే కొన్ని గీతలు కనిపిస్తాయి. అవి ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకు మారే చోటు, జబ్బు కాదు.

ఖర్చు: యూఎస్‌బీ 650, రికార్డర్ 1,500, డిస్కులు రెండు 8,400. మొత్తం రూ. 13,640.

ఆరో దశ: మంచి కుప్పలు రెండూ

ఒక్కో క్యాసెట్టుకు చేసింది:

1. రికార్డు కాకుండా వెనక ఉన్న ప్లాస్టిక్ పలుకు విరిచేయడం.
2. డబ్బా బయట తుడిచి, గదిలో ఒక రాత్రి ఉంచడం.
3. ఒకసారి చివరి దాకా, తిరిగి మొదటి దాకా ఆపకుండా చుట్టడం. ఏళ్లుగా ఒకే బిగువులో ఉన్న చుట్ట సమమవుతుంది.
4. గైడులు, డ్రమ్ము తుడిచి, ఎక్కించడం మొదలుపెట్టడం. పక్కన కూర్చొని చూడడం. ఇది యంత్రానికి వదిలేసి పోయే పని కాదు.

ఆడుతుండగా జబ్బు పట్టుకునే గుర్తు: మాట స్పష్టంగా ఉండి బొమ్మ మంచు కురిసినట్టయితే హెడ్డు మూసుకుపోయింది, వెంటనే ఆపి తుడవాలి. మాట కూడా ఊగితే టేపు నడకలోనో, అంచులోనో లోపం.

డబ్బా విరిగినవి, రీలు బిగిసినవి ఇంకో మంచి డబ్బాలోకి మార్చాను. అడుగున ఐదు మరలు. మరలు తీసేటప్పుడు మర వైపు పైకి ఉంచి, చివర్లో తిప్పి, పై పెంకు లేపాలి. లేకుంటే స్ప్రింగులు ఎగిరి పోతాయి. టేపు ఏ గైడు లోపల నుంచి, ఏ గైడు బయట నుంచి పోతోందో ముందు ఫోటో. తెగిన టేపు కొసలను ఒకదాని మీద ఒకటి పడకుండా, సరిగ్గా ఆనేలా పెట్టి, డ్రమ్ముకు తగలని వెనక వైపు స్ప్లైసింగ్ టేపు అంటించాలి. మామూలు సెల్లోటేపు జిగురు వేడికి బయటకు కారి హెడ్డును పట్టుకుంటుంది. అతుకు ఉన్న చోటును ఆడించకుండా దాటించడం మంచిది.

చీటీ లేనివాటిలో ఒకటి తెరవగానే ఇంటి వాకిలి కనిపించింది. 1992లో మామకు కువైట్ పంపడానికి తీయించిన వీడియో అది. ఆయన తిరిగొస్తూ వెంట తెచ్చుకున్నాడు. అందరూ వరసగా వచ్చి నిలబడి మాట్లాడారు. అవ్వ బోరు దగ్గర నిలబడి, "నాయనా, నువ్వు పంపిన దుడ్లతో బోరు ఏపించినాం. సూడు, నీళ్లు ఎట్ల పడ్తాండాయో" అంటుంది. ఆమె గొంతు ఇంట్లో ఇంకెక్కడా లేదు. పెద్ద ఫైలుగా ఉంచిన ఐదింటిలో ఇది మొదటిది. ఆ ఏడు నిమిషాలు పెద్దమ్మ, మామ ఒకరినొకరు చూసుకోకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నారు.

ఒక క్యాసెట్టు మాత్రం రెట్టింపు వేగంతో పరిగెత్తింది. లాంగ్ ప్లేలో రికార్డు చేసింది అది. టేపు సగం వేగంతో నడుస్తుంది, గీతలు ఇంకా సన్నం. మా రెండు హెడ్ల డెక్కులో ఆ వేగం లేదు. పక్కన పెట్టాను.

ఎక్కినవి: 16లో 15. ఈ దశ ఖర్చు: స్ప్లైసింగ్ టేపు 380. మొత్తం రూ. 14,020.

ఏడో దశ: బూజు

బూజు క్యాసెట్టు నేరుగా డెక్కులోకి పోతే హెడ్డు మూసుకుపోవడమే కాదు, ఆ బూజు విత్తనాలు తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకు అంటుకుంటాయి. అందుకని వేరే యంత్రం మీద శుభ్రం చేయాలి. ఒకప్పుడు వీడియో లైబ్రరీల్లో ఉండే విడి రివైండరు చిచ్చా దగ్గర దొరికింది. దాని మూత తీసేసి, టేపు నడిచే చోట రెండు నున్నటి స్టీలు కడ్డీలు బిగించి, మధ్యలో పాలియెస్టర్ గుడ్డ మడత పెట్టాను. టేపు రెండు వైపులా ఆ గుడ్డ మధ్య నుంచి జారుతుంది.

మొదట క్యాసెట్లను సిలికా జెల్ డబ్బాలో తేమ 40 లోపు దిగేదాకా వారాల తరబడి ఉంచాను. తడి బూజు పూసుకుంటుంది, ఎండిన బూజు పొడిలా రాలుతుంది. పని వాకిట్లో, గాలి ఇంటి వైపు కాకుండా బయటికి పోయే చోట, ఎన్95 మాస్కు, తొడుగులు వేసుకొని. గుడ్డ ప్రతి చుట్టుకూ కొత్తది. తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ.

మొదటి గుడ్డతో రివైండరు వేగం ఎక్కువైంది, గుడ్డ నొక్కుడుకు టేపు సాగే ప్రమాదం కనిపించింది. మోటరుకు వచ్చే 12 వోల్టులను సర్దే అడాప్టరుతో 6కు తగ్గించాక నడక మెత్తబడింది.

మూడు క్యాసెట్లు పూర్తిగా ఎక్కాయి. నాలుగోది మధ్యలో హెడ్డును పదేపదే మూసేసింది, సగం దక్కింది. ఐదోది తిప్పుతుంటే చిరచిరమని చప్పుడు. పొరలు ఒకదానికొకటి అంటుకొని, విడిపోతూ ఆక్సైడ్ పొరను ఊడదీసుకుంటున్నాయి. వెంటనే ఆపాను. అలాంటిది ఇంట్లో బలవంతం చేసేది కాదు. పొడి డబ్బాలో, మీద రాసి, అలాగే ఉంచాను.

ఎక్కినవి: 18 పూర్తిగా, 1 సగం. ఖర్చు: రివైండరు 300, మాస్కులు తొడుగులు 160. మొత్తం రూ. 14,480.

ఎనిమిదో దశ: బుగ్గవంక నీళ్లలో మునిగినవి

మామ కూతురు వాళ్ల ఇంట్లో కింది అరలో ఉండి మునిగినవి ఇవి. అప్పుడు బయట తుడిచి దాచేశారు. లోపల మట్టి ఎండి, చుట్ట అంచుల మీద గట్టి పొరగా కూర్చుంది. ఆ మట్టిలో సన్న ఇసుక ఉంటుంది. ఒక్క చుట్టు తిరిగినా టేపును గీసేస్తుంది.

1. డబ్బా విప్పి రీళ్లు బయటకు. పాత డబ్బా పారేయడమే.
2. రీళ్లను నిలువుగా పట్టి మెత్తటి బ్రష్షుతో అంచుల మట్టి కిందికి రాల్చడం. చుట్ట వదలకూడదు.
3. డిస్టిల్డ్ వాటర్‌లో రీలును ముంచి, రుద్దకుండా, మెల్లగా కదిలించి తీయడం. నీళ్లు మార్చి మళ్లీ. కొళాయి నీళ్లు వద్దు, మన నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఆరాక టేపు మీద తెల్ల మరక నిలుస్తుంది.
4. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టడం. పైన ఆరినా లోపల తడి ఉంటుంది.
5. కొత్త డబ్బాలోకి ఎక్కించి, రివైండరు మీద పొడి గుడ్డ మధ్య నుంచి, 6 వోల్టుల మీద మెల్లగా చుట్టడం.

మొదటిది పుట్టెంటికలు, పూర్తిగా ఎక్కింది. రెండోది గృహప్రవేశం. మొదటి ఇరవై నిమిషాలు కంట్రోల్ ట్రాకు తినేసి ఉంది. బొమ్మ నిలబడి జారి, నిలబడి జారి. చేత్తో ట్రాకింగ్ తిప్పుతూ దొరికిన ముక్కలు దొరికినట్టు ఎక్కించాను. ఆ తర్వాత పాలు పొంగించే దగ్గర నుంచి చివరి దాకా శుభ్రంగా ఉంది.

ఎక్కినవి: 19 పూర్తిగా, 2 సగం. పక్కన ఉన్నవి: 2. ఖర్చు: డిస్టిల్డ్ వాటర్ 100. మొత్తం రూ. 14,580.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

ఎక్కిన క్యాసెట్లు కూడా పారేయలేదు. రేపు ఇంతకంటే మంచి పరికరం దొరకవచ్చు, డిస్కు పోవచ్చు. పూర్తిగా వెనక్కి చుట్టి, నిలువుగా, డబ్బాలో. సిలికా జెల్ గింజలు నీలం నుంచి గులాబీ రంగుకు మారితే మూకుడులో సన్న మంట మీద వేయించి మళ్లీ వాడుతున్నాను. ఆ మూకుడు వంటకు వాడం. వాటి అయస్కాంత ప్రభావం టేపు మీద పడకుండా స్పీకర్లు, స్టెబిలైజరు బీరువాకు దూరంగా జరిపాను.

డెక్కుకు నెలకొకసారి కరెంటు ఇచ్చి, పరీక్ష క్యాసెట్టు అరగంట ఆడిస్తున్నాను. ఆడించనప్పుడు లోపల క్యాసెట్టు ఉంచడం లేదు. పైన గుడ్డ కప్పి ఉంటుంది, నడిపేటప్పుడు ఆ గుడ్డ తీసేయాలి, గాలి రంధ్రాలు మూసుకుంటాయి. వానాకాలంలో చల్లటి చోటు నుంచి తెచ్చిన వెంటనే పెట్టకూడదు. డ్రమ్ము మీద చెమ్మ పడితే టేపు అతుక్కుంటుంది.

లాంగ్ ప్లే క్యాసెట్టు కోసం నాలుగు హెడ్ల డెక్కు కావాలి. ప్రొద్దుటూరులో తనకు తెలిసిన ఒకరి దగ్గర ఉందని చిచ్చా చెప్పాడు. తెచ్చాక దానికీ ఇదే వరస: సిరీస్ బల్బు, 5 వోల్టుల లైను, బెల్టు, పించ్ రోలర్ మీద గోరు, పరీక్ష క్యాసెట్టు చివరి పావుగంట. ఆ తర్వాతే లాంగ్ ప్లే క్యాసెట్టు.